యాభయ్యో రోజు... ఎక్కడి నుంచి?

పెంతెకొస్తు అన్న మాట తెలుగు క్రైస్తవులకు ఇంటి మాట. ఆ మాట వెనకున్న పండుగ మాత్రం పొరుగింటిదైపోయింది. యేసు చేసుకున్న పండుగలు ఆయన్ని నమ్మినవాళ్లకు ఎలా దూరమయ్యాయి? ఇప్పుడు మళ్లీ చేసుకుంటే అది విశ్వాసమా, వెనకడుగా?

తెలుగునాట చర్చి బోర్డుల మీద తరచూ కనిపించే మాటల్లో ‘పెంతెకొస్తు’ ఒకటి. గ్రీకులో దానికి ‘యాభయ్యవది’ అని అర్థం. యాభయ్యో రోజు ఉందంటే ఒకటో రోజూ ఉండాలి కదా! అదేదని అడిగితే ఈస్టర్ ఆదివారమని చాలామంది చెబుతారు. ఆ జవాబు తప్పు కాదు గానీ సగమే. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో పరిశుద్ధాత్మ దిగివచ్చేసరికే యెరూషలేము దూరదేశాల యాత్రికులతో నిండి ఉంది. వాళ్లంతా వచ్చింది వారాల పండుగకు. యవల కోత మొదలుకాగానే తొలి పనను దేవుని సన్నిధిలో అల్లాడించాలి. ఆనాటి నుంచి ఏడు వారాలు లెక్కపెట్టి, యాభయ్యో రోజున కొత్త గోధుమపిండితో చేసిన రెండు రొట్టెలు అర్పించాలి. లేవీయకాండం 23వ అధ్యాయం చెప్పే పద్ధతి ఇది. అంటే లెక్క మొదలైంది కోతకొచ్చిన యవల చేలో. సంఘానికి పుట్టినరోజు మిగిలింది, దాని తిథిని లెక్కగట్టిన పంచాంగం పోయింది. ఆ పంచాంగాన్ని క్రైస్తవులు మళ్లీ తెరవడం అవసరమని, అందుకు గ్రంథంలో అడ్డేమీ లేదని, అయితే తెరిచే తీరులో మర్యాద ఉండాలని చెప్పడమే ఈ కథనం ఉద్దేశం.

సువార్త నడిచిన పంచాంగం

లేవీయకాండంలోని ఆ ఒక్క అధ్యాయంలోనే ఏడాది పొడుగునా వచ్చే పండుగల పట్టిక ఉంది. వారం వారం విశ్రాంతి దినం. వసంతంలో నీసాను నెల 14 సాయంత్రం పస్కా, మర్నాటి నుంచి ఏడు రోజులు పులియని రొట్టెల పండుగ, ఆ రోజుల్లోనే ప్రథమఫలాల పన, అక్కడి నుంచి యాభయ్యో రోజున వారాల పండుగ. మళ్లీ ఏడో నెలలో ఒకటో తేదీన బూరల ధ్వని, పదో తేదీన ప్రాయశ్చిత్త దినం, పదిహేను నుంచి పర్ణశాలల పండుగ. ఈ లెక్క తెలుగువాళ్లకు కొరుకుడు పడనిదేమీ కాదు. నెలలు చంద్రుణ్ని బట్టి నడుస్తాయి. సూర్యుడితో పొత్తు కుదరడానికి 19 ఏళ్లలో ఏడుసార్లు అధిక మాసం వస్తుంది. పస్కా విందు, పర్ణశాలల మొదటి రోజు రెండూ నిండు పున్నమి వేళవే. ఈస్టర్ తేదీ ఏటా మారడానికి కారణం కూడా ఆ వసంత పున్నమే.

సువార్త కథలో కీలకమైన ఘట్టాలు ఈ తిథుల మీదే నడిచాయి. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కనిపించింది పస్కా యాత్రలో. తల్లిదండ్రులు ఏటా ఆ పండుగకు వెళ్లేవారని లూకా రాశాడు. చివరి రాత్రి భోజనం పస్కా విందేనని మత్తయి, మార్కు, లూకా అంటారు. పస్కాకు సిద్ధపడే రోజున, గొర్రెపిల్లల్ని వధించే వేళకు ఆయన సిలువ మీద ఉన్నాడని యోహాను లెక్క. ఈ ఒక్క రోజు తేడా మీద పండితుల వాదన ఇంకా తెగలేదు. అయినా ఆ మరణాన్ని పస్కా వెలుగులోనే చూడాలన్న విషయంలో నలుగురిదీ ఒకే మాట. ఐగుప్తులో గుమ్మాలకు పూసిన రక్తం, రాత్రికి రాత్రే దాస్యం నుంచి బయటపడ్డ జనం, పిండి పులిసేదాకా ఆగలేని ఆ తొందర తెలియనివారికి ‘దేవుని గొర్రెపిల్ల’ వట్టి బిరుదుగానే మిగులుతుంది. భోజనమయ్యాక శిష్యులతో కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని మార్కు రాశాడు. పస్కా రాత్రి పాడుకునే 113 నుంచి 118 వరకు ఉన్న కీర్తనల్లో చివరి భాగమే అదై ఉంటుందని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. తొలి పన ఏ రోజు అల్లాడించాలన్న దాని మీద యూదుల్లోనే తగవుండేది. పరిసయ్యులు పస్కా పండుగ మొదటి రోజుకు మర్నాడన్నారు. సద్దూకయ్యుల పక్షం ఆ వారంలో వచ్చే ఆదివారమంది. రెండో లెక్కే పట్టుకుంటే, సమాధి ఖాళీగా కనిపించిన ఆదివారమే పన అల్లాడించే రోజు. లేచిన క్రీస్తును పౌలు ‘ప్రథమఫలం’ అనడంలోని బరువు అప్పుడు తెలుస్తుంది.

పండుగ తెలిస్తే వాక్యం ఎలా వెలుగుతుందో చూడాలంటే యోహాను సువార్త ఏడో అధ్యాయం చాలు. పర్ణశాలల పండుగ చివరి రోజున యేసు నిలబడి, దప్పిగొన్నవారిని తన దగ్గరికి వచ్చి తాగమని కేకవేశాడు. విడిగా చదివితే అదొక మంచి పోలిక. యూదుల మౌఖిక ధర్మ సంకలనమైన మిష్నాలో ఈ పండుగ గురించి ఉన్న భాగాన్ని పక్కన పెట్టుకుంటే దృశ్యం కళ్లకు కడుతుంది. తెల్లవారగానే సిలోయము కోనేటి నుంచి బంగారు పాత్రలో నీళ్లు ముంచి తెచ్చేవారు. నీటి గుమ్మం దగ్గర బూరలు ఊదేవారు. ఆ నీళ్లు బలిపీఠం మీద పోసేవారు. మే నుంచి సెప్టెంబరు దాకా దాదాపుగా చినుకు రాలని దేశమది. తొలకరి పడాల్సింది ఈ పండుగ దాటాకే. బీటలు వారిన నేల, మబ్బుకోసం చూసే రైతు, రోజూ నీళ్లు పోసిన బలిపీఠం... వీటి మధ్య వినిపించింది ఆ కేక. స్త్రీల ఆవరణలో పెద్ద పెద్ద బంగారు దీపస్తంభాలు వెలిగించేవారు. యాజకులు కట్టి విడిచిన పాత బట్టల్ని చింపి వాటికి వత్తులు చేసేవారు. ఆ వెలుగు నగరంలోని ప్రతి ముంగిలికీ చేరేదట. ఆ తర్వాతి అధ్యాయంలోనే యేసు తాను లోకానికి వెలుగునని చెప్పాడు. నీళ్లు, దీపాలు మరిచిపోయినవారికి ఈ మాటలు వినిపిస్తాయి గానీ కనిపించవు.

వద్దన్నది ఎవరు?

ఇంత దగ్గరి పండుగలు ఎలా దూరమయ్యాయి? గ్రంథం వద్దంది కాబట్టేనని చాలామంది అనుకుంటారు. కానీ చరిత్ర పుటల్లో కనిపించే దారి వేరు. రెండో శతాబ్దంలో చిన్న ఆసియా సంఘాలు యూదులు పస్కా చేసుకునే నీసాను 14నే ప్రభువు పస్కాను ఆచరించేవి. అది ఏ వారమైనా సరే. రోము సంఘం ఆదివారమే చేసేది. దాదాపు 155లో స్ముర్న బిషప్పు పోలికార్పు రోముకు వెళ్లి అక్కడి బిషప్పు అనిసెటుసుతో దీని మీద మాట్లాడాడు. ఇద్దరూ ఒకరినొకరు ఒప్పించలేకపోయారు, అయినా కలిసే ప్రభువు బల్లలో పాలుపొంది సమాధానంగా విడిపోయారు. 190 ప్రాంతంలో రోము బిషప్పు విక్టరు ఆ ఆసియా సంఘాలను వెలివేయబోతే, లియోను బిషప్పు ఇరేనియస్ పోలికార్పు నాటి మర్యాదనే గుర్తుచేసి మందలించాడు. అంటే తొలి తరాల్లో ఇది అన్నదమ్ముల మధ్య తేదీ తగవే గానీ, మతం మారిన నేరం కాదు.

నాలుగో శతాబ్దం వచ్చేసరికి గొంతు మారింది. 325లో నైసియా సభ ఈస్టరుకు అంతటా ఒకే రోజు ఉండాలని తీర్మానించింది. ఆ నిర్ణయాన్ని సంఘాలకు తెలుపుతూ కాన్‌స్టంటైన్ చక్రవర్తి రాసిన లేఖలో, యూదుల లెక్కను అనుసరించకూడదనడానికి చూపిన కారణాల్లో వాళ్ల మీది ద్వేషం దాపరికం లేకుండా కనిపిస్తుంది. ఆ శతాబ్దపు రెండో సగంలో లవొదికయ సభ విశ్రాంతి దినాన పని మానడాన్ని, యూదుల నుంచి పండుగ కానుకలు, పులియని రొట్టెలు పుచ్చుకోవడాన్ని నిషేధించింది. 386–387లో అంతియొకయలో యాజకుడు క్రిసొస్తొము ఎనిమిది ప్రసంగాల్లో, బూరల పండుగకూ పర్ణశాలల పండుగకూ సమాజమందిరాలకు వెళ్లే క్రైస్తవుల మీద నిప్పులు చెరిగాడు. నిషేధమే సాక్ష్యం. ఎవరూ వెళ్లకపోతే వెళ్లొద్దని ఎనిమిదిసార్లు చెప్పాల్సిన పనేముంది? క్రీస్తు తర్వాత మూడు వందల ఏళ్లు దాటినా మామూలు విశ్వాసులు ఆ పండుగల్లో తమకు పరాయితనం చూడలేదు. సంఘానికి ఒకే ఆరాధన క్రమం కావాలన్న న్యాయమైన కోరికా ఈ ఎడబాటు వెనక ఉంది. ఐతే ఆ కోరికతో కలిసిన ద్వేషం తర్వాతి కాలంలో చేసిన చెరుపు చిన్నది కాదు. 1144లో ఇంగ్లండులోని నార్విచ్‌లో ఒక బాలుడి మరణాన్ని యూదుల మీద మోపారు. యూదులు పసివాళ్లను చంపుతారన్న ఆ అబద్ధం, తర్వాత రక్తం కలిపిన పస్కా రొట్టె కథతో ముడిపడి యూరప్ అంతటా ప్రాణాలు తీసింది. క్రీస్తు మరణానికి యూదులందరినీ దోషులుగా చూడరాదని కథోలిక సంఘం అధికారికంగా చెప్పింది 1965లో, రెండో వాటికన్ సభలో.

నీడను పట్టుకుని వేలాడటమా?

పండుగలు వద్దనేవారి చేతిలో బలమైన వాక్యాలే ఉన్నాయి. దినాలు, నెలలు, కాలాలు పాటించే గలతీయులను చూసి పౌలు తన కష్టం వృథా అయిందేమోనని బాధపడ్డాడు. పండుగలు, అమావాస్యలు, విశ్రాంతి దినాలు రాబోయేవాటి నీడ మాత్రమేననీ, నిజస్వరూపం క్రీస్తులో ఉందనీ కొలొస్సయులకు రాశాడు. నిజం వచ్చాక నీడ ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. దీన్ని దాటవేయకూడదు. గలతీయుల గొడవ ఏమిటో ముందు చూడాలి. సున్నతి, ధర్మశాస్త్రం లేకపోతే క్రీస్తుతో లెక్క సరిపోదని యూదేతరులను ఒత్తిడి చేసిన బోధకుల మీద పౌలు కోపం అది. కొలొస్సయులకు చెప్పిన మాటలో అసలు హెచ్చరిక, పండుగ విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకుండా చూసుకోండని. ఆ హెచ్చరిక చేసుకోమని నిలదీసేవారికి ఎంత తగులుతుందో, చేసుకున్నావేమని నిలదీసేవారికీ అంతే తగులుతుంది. రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయం ఇంకా తేటగా, ఒకరు ఒక దినాన్ని మిన్నగా ఎంచినా, మరొకరు అన్నీ సమానమనుకున్నా ప్రభువు కోసమే అయితే ఎవరి మనసు నిశ్చయం వారిదని వదిలేసింది. రాసినవాడి నడవడి కూడా అదే చెబుతుంది. పులియని రొట్టెల దినాలు గడిచాకే పౌలు ఫిలిప్పీ నుంచి ఓడెక్కాడు. పెంతెకొస్తుకు యెరూషలేములో ఉండాలని తొందరపడ్డాడు. యూదేతరులు ఎక్కువగా ఉన్న కొరింథు సంఘానికి రాస్తూ క్రీస్తు మన పస్కా అన్న మాటతో ఆగక, పాత పులిపిండి తీసేసి పండుగ చేసుకుందామని పిలిచాడు.

పండుగను బలవంతం చేస్తే ఏమవుతుందో ఇరవయ్యో శతాబ్దంలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. అమెరికాలో 1934లో హెర్బర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ మొదలుపెట్టిన ఉద్యమం, తర్వాతి కాలంలో వరల్డ్‌వైడ్ చర్చ్ ఆఫ్ గాడ్‌గా ఎదిగి, శనివార విశ్రాంతినీ లేవీయకాండపు పండుగలనూ విశ్వాసులకు విధిగా పెట్టింది. ఆయన 1986లో చనిపోయాక, 1994–95లో కొత్త నాయకత్వం అవి రక్షణకు షరతు కావని ప్రకటించగానే సంఘం నిలువునా చీలిపోయింది. స్వేచ్ఛగా చేసుకునే పండుగ ఆనందమిస్తుంది. అదే హాజరుపట్టీ అయితే, పట్టీ ఎత్తేసిన రోజున మనుషులు కూలిపోతారు. అందుకే ఈ వాదనకు గీత ఒకటి గీసుకోవాలి. పండుగ చేసుకునేవాడు చేసుకోనివాడికన్నా మిన్న కాడు.

నీడ మాటకు ఇంకో జవాబు ప్రభువు బల్లే ఇస్తుంది. సిలువ కార్యం ఒక్కసారే, ఎప్పటికీ చాలేలా జరిగిందని నమ్మే సంఘాలే ఆ రొట్టెనూ ఆ గిన్నెనూ మళ్లీ మళ్లీ తీసుకుంటున్నాయి, జ్ఞాపకం కోసం. నెరవేరినదాన్ని తలుచుకోవడం నెరవేర్పును కాదనడమెలా అవుతుంది? అలాగని వసంత పండుగలు మొదటి రాకడలో నెరవేరాయి, శరత్తు పండుగలు రెండో రాకడకు తేదీలిస్తాయని పటాలు గీసే బోధకులతో జాగ్రత్తగా ఉండాలి. రోజునూ గడియనూ లెక్కగట్టే ఉబలాటాన్ని యేసే కాదన్నాడు.

విందు వాళ్లది, పీట మనది

అన్నింటికన్నా బరువైన అభ్యంతరం యూదుల నుంచి వస్తుంది. శతాబ్దాలపాటు మమ్మల్ని ఈ పండుగల పేరిట హింసించి, ఇప్పుడు మా విందు పుస్తకం తీసుకుని, మా రొట్టెకు మీ అర్థం అంటించి, మీ బల్లమీద పెట్టుకుంటారా అని వాళ్లడిగితే తలదించుకోవాల్సిందే. ఈ రోజు యూదుల ఇళ్లలో పస్కా రాత్రి జరిగే సేదెర్ విందుకు నిండు రూపం వచ్చింది 70లో దేవాలయం కూలాక, రబ్బీల చేతుల్లో. దాన్నే పట్టుకొచ్చి యేసు ఆ రాత్రి అచ్చం ఇలాగే చేశాడని చెప్పడం చరిత్రకూ పొసగదు, మర్యాదకూ పొసగదు. రోమీయుల పత్రిక 11వ అధ్యాయంలో పౌలు యూదేతర విశ్వాసులను అడవి ఒలీవ కొమ్మగా పోల్చాడు. మంచి చెట్టుకు అంటుకట్టిన కొమ్మ ఆ చెట్టు కొమ్మల మీద విర్రవీగకూడదని హెచ్చరించాడు. మామిడి అంటు కట్టే చేతులకు ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. కాబట్టి క్రైస్తవులు చేసుకోవాల్సింది రబ్బీల సేదెరుకు నకలు కాదు. నిర్గమకాండం, లేవీయకాండం, ద్వితీయోపదేశకాండం తమ బైబిల్లోనే ఉన్నాయి. ఆ వాక్యాలు చదువుకుని, తమ ప్రార్థనలతో, తమ బల్ల దగ్గర జ్ఞాపకం చేసుకోవచ్చు. యూదులు పిలిస్తే వాళ్లింటికి అతిథిగా వెళ్లి, పెట్టింది తిని, చెప్పింది వినాలి. ఈ పండుగల జ్ఞాపకాన్ని నేటి ఇజ్రాయెల్ రాజకీయాలకు మద్దతు జెండాగా ఎత్తడం కూడా అతిథి పని కాదు. అతిథికి చోటు మాత్రం ఉంది. జెకర్యా ప్రవచనం చివరి అధ్యాయంలో అన్ని దేశాలవాళ్లూ పర్ణశాలల పండుగకు వస్తారు. సంఖ్యాకాండం 29 ప్రకారం ఆ ఏడు రోజుల్లో 13తో మొదలై రోజుకొకటి తగ్గుతూ ఏడు వరకు అర్పించే కోడెల సంఖ్య కూడితే 70. అవి లోకంలోని డెబ్బై జనాల కోసమని తాల్మూదు రబ్బీలే చెప్పారు. యూదులు తమ పండుగలో పరాయివాడికి ముందే పీట వేసి ఉంచారు. ఆ పీట మీద కూర్చోవడం వేరు, ఇల్లు నాదనడం వేరు.

పెసహా అప్పం, పరిగె గింజ

ఇది పడమటి దేశాల్లో కొత్తగా పుట్టిన సరదా అనుకుంటే మన పక్కనున్న కేరళను మరిచినట్టే. అక్కడి తోమా క్రైస్తవుల ఇళ్లలో పెసహా గురువారం రాత్రి బియ్యప్పిండి, మినప్పప్పుతో పులియని అప్పం చేస్తారు. మట్టల ఆదివారం తెచ్చుకున్న ఆకును సిలువగా దాని మీద పెడతారు. ఇంటిపెద్ద ప్రార్థన చేసి విరిచి, బెల్లం, కొబ్బరిపాలు కలిపి చేసిన పానీయంతో అందరికీ ఇస్తాడు. ఆ ఏడు చావు జరిగిన ఇంట్లో అప్పం చేయరు, ఇరుగుపొరుగులు తెచ్చిపెడతారు. పస్కా అన్న మాటే సిరియాక్ దారిన ‘పెసహా’గా వాళ్ల నోట నిలిచింది. ధర్మశాస్త్రం కిందికి వెళ్లిపోతున్నామని ఆ ఇళ్లలో ఎవరూ బెంగపడరు.

తెలుగు సంఘాలకూ ఆ పండుగల అధ్యాయంతో పాత పరిచయమే ఉంది. సువార్తికుడు భక్తసింగ్ 1941లో మద్రాసులో మొదలుపెట్టిన పరిశుద్ధ కూటాలకు ఆధారం లేవీయకాండం 23. తర్వాత వాటిలో అన్నిటికన్నా పెద్దవి హైదరాబాదులో జరిగేవి. పాతిక వేలమంది దాకా వచ్చి, డేరాల్లో పడుకుని, ఆకుల పందిరి కింద కూర్చుని, పంక్తిలో కలిసి తినేవారు. హోసన్నా మినిస్ట్రీస్ గుంటూరు ప్రాంతంలో జరిపే గుడారాల పండుగ పేరు ఇవాళ తెలియనివారు అరుదు. అది మార్చిలో వస్తుంది, లేవీయకాండపు పర్ణశాలలు సెప్టెంబరు–అక్టోబరులో. ఊళ్లలో ప్రథమఫలాల కానుకలు, కోతపండుగలు సరేసరి. పేర్లు, కానుకలు ఇప్పటికే మన దగ్గరున్నాయి. వాటిని కథతోనూ కాలంతోనూ కలపడమే మిగిలింది. ఈ దారిలో మరో కొస కూడా తెలుగునేల మీదే కనిపిస్తుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే సముదాయపు కుటుంబాలు క్రైస్తవం నుంచి యూదు ఆచారానికి వెళ్లిపోయాయి. అది వాళ్ల ఎంపిక. సంఘంలో ఉంటూనే పండుగను గుర్తుచేసుకునేవారి మాట వేరు.

లేవీయకాండం 23వ అధ్యాయంలో వారాల పండుగ ముగిసి బూరల పండుగ మొదలయ్యే చోట, పట్టికతో సంబంధం లేనట్టుగా ఒక వచనం ఉంది. చేను కోసేటప్పుడు గట్ల అంచుల దాకా కోయొద్దని, రాలిన పరిగె ఏరుకోవద్దని, అవి బీదవాళ్లకూ పరదేశులకూ వదలాలని దాని సారం. ద్వితీయోపదేశకాండం 16 ఇంకో అడుగు వేసి, పండుగ సంతోషంలో దాసుడూ దాసీ, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలూ ఉండి తీరాలంటుంది. యూదులు వారాల పండుగనాడు చదివే రూతు కథ కూడా పరిగె ఏరుకునే పరదేశి కోడలిదే. తెలుగు క్రైస్తవుల్లో చాలామంది పూర్వికులు పరిగె ఏరుకున్నవాళ్లే. 1876–78 కరవు వెంటనే, 1878 జూలైలో ఒంగోలు ప్రాంతంలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నప్పుడు వారిలో ఎక్కువమంది సొంత పొలం లేని మాదిగ కూలీలు. ఆ ఘటనను పెంతెకొస్తు నాటి మూడు వేలమందితో పోల్చడం మామూలే. కానీ పెంతెకొస్తు కోతపండుగ అనీ, ఆ పండుగ చట్టంలోనే పేదవాడి వాటా రాసి ఉందనీ చెప్పకపోతే ఆ పోలిక సగమే చెప్పినట్టు.

మొదలుపెట్టడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పస్కాకు ముందు రాత్రి యూదుల ఇళ్లలో దీపం పట్టుకుని, పక్షి ఈకతో మూలమూలనా ఊడ్చి, పులిసిన రొట్టె ముక్కల్ని చెక్క గరిటెలోకి ఎత్తుతారు. మనింట్లో రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి తెల్లారేసరికి గిన్నె అంచు దాటుతుంది. పులుపు ఎలా పాకుతుందో పిల్లలకు చూపించడానికి అంతకన్నా పాఠం లేదు. ఒక్క వారం ఆ గిన్నె పక్కన పెట్టి, పులియని చపాతీతో నిర్గమకాండం 12వ అధ్యాయం చదువుకున్నా చాలు. ఈస్టర్ ఆదివారం సాయంత్రం బల్ల దగ్గర ‘ఒకటి’ అని లెక్క మొదలుపెట్టి, రోజుకో పిడికెడు బియ్యం ఒక డబ్బాలో వేస్తే, ఏడు వారాలకు నలభై తొమ్మిది పిడికిళ్లవుతాయి. పెంతెకొస్తు ఉదయం ఆ డబ్బా వీధిలో పొలం లేని ఇంటికి వెళ్తుంది. యాభయ్యో రోజు ఎక్కడి నుంచి వచ్చిందని ఆ ఇంటి పిల్లల్ని ఎవరైనా అడిగితే, వాళ్లు తడుముకోకుండా చెబుతారు.